తొలి సొంతింట్లోకి మారడం: చిన్నపిల్లలున్న కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

అద్దె ఇళ్లు నాలుగైదు మారినవాళ్లకి సామాను సర్దడం కొత్తేమీ కాదు. ఆ ధీమాతోనే చాలామంది తొలి సొంతింటి దగ్గర బోల్తా పడతారు. అద్దె ఇంట్లో కుళాయి కారితే యజమానికి ఫోన్ చేస్తే సరిపోయేది. ఇక్కడ యజమాని మీరే. పైగా చేతిలో ఉన్న డబ్బంతా ఇంటికే పోయి ఉంటుంది, చంకలో ఒక బిడ్డ ఉంటుంది, నిద్ర ఎప్పుడూ చాలదు.

ఇంటిని స్వాధీనం చేసుకోవడం, సామాను తరలించడం, కాపురం కుదురుకోవడం మూడూ వేర్వేరు పనులు. ఈ మూడింటినీ ఒకే శని, ఆదివారాల్లో ఇరికించాలని చూడటం వల్లే సగం గొడవలు వస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం లారీ రాకముందు చేయాల్సిన పనుల గురించే. లారీ రోజు పని, నిజానికి, అన్నిటికంటే తేలిక.

అడుగు 1: రెండు ఇళ్లూ చేతిలో ఉండే రోజులు కొన్ని పెట్టుకోండి

తాళాలిస్తామన్న తేదీని పూర్తిగా నమ్మకండి. బ్యాంకులో ఒక సంతకం మిగిలిపోవచ్చు, అమ్మేవాళ్లు ఇంకో వారం గడువు అడగవచ్చు, కొత్త కట్టడమైతే కరెంటు మీటరు రావడం ఆలస్యం కావచ్చు. తాళాలు చేతికి రాకముందే పాత ఇల్లు ఖాళీ చేస్తామని మాటిచ్చేస్తే, మధ్యలో ఇరుక్కునేది పిల్లలతో సహా మీరే.

వీలైతే రెండు వారాలు రెండు ఇళ్లూ మీ దగ్గర ఉండేలా చూసుకోండి. ఒకే నెలలో అద్దె, లోన్ వాయిదా రెండూ కట్టడం ప్రాణం ఉసూరుమనిపించే విషయమే. ఆ అదనపు అద్దెని ఇల్లు కొన్న ఖర్చులోనే ముందుగా లెక్కేసుకుంటే అంత బాధ ఉండదు. సామాను లేని ఇంట్లో ఒక రోజులో అయ్యే రంగుల పని, సామాను చేరాక వారం పడుతుంది. రెండు వారాలు కుదరకపోతే కనీసం నాలుగు రోజులైనా ఉంచుకోండి. తాళాలు తీసుకున్న రోజే లారీని పిలవడం మాత్రం వద్దు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే. డౌన్‌పేమెంట్ కోసం ఖాతా మొత్తం ఊడ్చేయకండి. కర్టెన్ రాడ్లు, బల్బులు, తాళాలు, ప్లంబర్, మెష్ తలుపులు... ఇవన్నీ ఒక్కొక్కటీ చిన్నవే, కలిపితే గుండె గుభేలుమంటుంది. మరమ్మతుల కోసం ఏటా ఇంటి విలువలో సుమారు 1 శాతం పక్కన పెట్టుకోవాలని ఒక పాత లెక్క ఉంది. అది కచ్చితమైన సూత్రమేమీ కాదు. పాత ఇంటికి చాలకపోవచ్చు, కొత్త ఫ్లాటుకి ఎక్కువ కావచ్చు. కానీ సున్నా అనుకోవడం కంటే నయం.

అడుగు 2: ఖాళీ ఇంటిని పట్టుబట్టి పరీక్షించండి

సామాను లేనప్పుడు ఇల్లు ఏదీ దాచలేదు. బీరువా పెట్టాక దాని వెనక చెమ్మ కనపడదు, మంచం వేశాక దాని కింద డొల్ల టైల్ సంగతి తెలియదు. ఒక పూట కేటాయించండి. పిల్లల్ని ఎవరి దగ్గరైనా వదిలి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఫోన్ చార్జర్, టార్చి, ఒక బకెట్, కొన్ని టిష్యూ కాగితాలు, ఒక నాణెం చాలు.

నీళ్లతో మొదలుపెట్టండి. కొన్నాళ్లు మూసి ఉన్న ఇంట్లో పైపుల్లో నీళ్లు నిలిచిపోయి ఉంటాయి. కుళాయిలన్నీ తిప్పి కాసేపు ధారగా వదిలేయండి. కొత్త ఇంట్లో అయితే అంతకుముందే కుళాయి మూతి దగ్గరుండే చిన్న జాలీని విప్పేయండి. పైపులు వేసినప్పటి ఇసుక, ప్లాస్టిక్ తురుము అక్కడ చేరుతుంది. 'ప్రెషర్ లేదు' అని మోటారు మార్చడానికి సిద్ధపడేవాళ్లలో కొందరికి ఆ జాలీ కడిగితే సరిపోతుంది. తర్వాత అన్ని కుళాయిలూ ఒకేసారి తెరిచి, ఫ్లష్ కూడా నొక్కి, షవర్ ధార ఎంత తగ్గుతుందో చూడండి. పొద్దున్నే అందరూ బయల్దేరే వేళ జరిగేది ఇదే.

మూసి ఉన్న ఇంట్లో బాత్రూం నుంచి మురుగు వాసన వస్తోందా? కంగారు పడకండి. నేలమీది డ్రెయిన్ కింద వంపు తిరిగిన ట్రాప్ ఉంటుంది, అందులో నిలిచే నీళ్లే మురుగు గాలిని ఆపుతాయి. వాడక లేకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ప్రతి డ్రెయిన్‌లో ఒక చెంబు నీళ్లు పోసి మర్నాడు చూడండి. వాసన పోతే సరే. పోకపోతే అప్పుడు ప్లంబర్‌ని పిలవండి.

బాత్రూంలో, బాల్కనీలో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి నీళ్లెటు పోతున్నాయో గమనించండి. ఒక మూల మడుగు కట్టి నిలబడితే వాలు సరిగా లేనట్టే. ఇది తర్వాత సరిచేయడం చాలా కష్టం, టైల్స్ లేపాల్సి వస్తుంది. కాబట్టి మొదటిరోజే రాసుకోండి. అమ్మినవాళ్లు ఒప్పుకుంటే డ్రెయిన్ మూసి, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నింపి 24 గంటలు ఉంచండి. కింది అంతస్తు పైకప్పులో తడి కనిపించకపోతే వాటర్‌ప్రూఫింగ్ నిలబడినట్టు.

నాణెంతో టైల్స్ మీద తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా అతికిన టైల్ టక్కుమంటుంది, కింద ఖాళీ ఉన్నది డొల్లగా మోగుతుంది. మూలన ఒకటీ అరా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. కానీ వంటింట్లో బరువులు పెట్టేచోట వరసగా డొల్ల వస్తుంటే ఒప్పుకోకండి.

తర్వాత కరెంటు. ఒకరు మెయిన్ బోర్డు దగ్గర నిలబడాలి, ఇంకొకరు గదుల్లో తిరగాలి. ఒక్కొక్క ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దించుతూ వెళ్లండి.

"హాల్లో ఫ్యాన్ ఆగిందా?"

"ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇక్కడ పిల్లల గదిలో లైటు పోయింది."

"అయితే మూడోది పిల్లల గది. రాసేశా."

ఇలా పది నిమిషాల్లో ఏ స్విచ్ దేనిదో తేలిపోతుంది. పక్కన చీటీ అంటించండి. అర్ధరాత్రి ఏదో కాలిన వాసన వచ్చినప్పుడు ఆ చీటీ విలువ తెలుస్తుంది. బోర్డులో 'టెస్ట్' అని చిన్న బటన్ ఉన్న పరికరం (ఆర్‌సీసీబీ అంటారు) కోసం కూడా చూడండి. ఇళ్లల్లో సాధారణంగా అది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసేలా ఉంటుంది, మనిషికి షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే. ఎంసీబీ ఆ పని చేయదు, అది ఎక్కువ లోడు నుంచీ షార్ట్ సర్క్యూట్ నుంచీ వైర్లను కాపాడుతుంది. టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే కరెంటు పోవాలి. పోకపోయినా, అసలు ఆ పరికరమే లేకపోయినా, పిల్లలు అడుగుపెట్టకముందే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఎర్తింగ్ కూడా ఆయనతోనే చూపించండి.

గ్యాస్ కనెక్షన్ ఇచ్చాక ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పూయండి, బుడగలొస్తే లీకే. సిలిండర్లో వచ్చే ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి నేలమీద పేరుకుంటుంది. పైపుల్లో వచ్చే సహజవాయువు తేలిక, పైకి పోతుంది. గాలి పోయే మార్గం ఎక్కడుండాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. ఇక బాత్రూం లోపల గ్యాస్ గీజర్ బిగించి ఉంటే, దాని పొగ బయటికి పోయే గొట్టం లేకపోతే, దాన్ని వాడనే వాడకండి. మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

మెయిన్ నీళ్ల వాల్వు ఎక్కడుందో కనుక్కుని ఒకసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయే వస్తువు ఇది. ఇంట్లో పెద్దవాళ్లందరికీ అది తెలిసుండాలి. 'ఆయనకి తెలుసులే' అనుకుంటే, పైపు పగిలేది ఆయన ఊళ్లో లేనిరోజే.

దొరికిన లోపాలన్నీ ఫొటోలు తీసి, తేదీ వేసి, రాతపూర్వకంగా పంపండి. నోటిమాటగా 'చూస్తాంలెండి' అన్నవి ఎవరూ చూడరు. మీటరు రీడింగులు కూడా ఫొటో తీసుకోండి. ముందున్నవాళ్ల బిల్లు మీ నెత్తిన పడకుండా ఉంటుంది. ఇల్లు మీ చేతికి పాతదై వచ్చి ఉంటే బయటి తలుపు తాళం సిలిండర్ మార్చేయండి. పాత తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయో ఎవరికి తెలుసు!

అడుగు 3: నేలమీద కూర్చుని ఇల్లు చూడండి

ఈ అడుగుని చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో పిల్లలున్న ఇంటికి ఇదే అన్నిటికంటే ముఖ్యం. నిలబడి చూస్తే ఇల్లు అందంగా కనిపిస్తుంది. మోకాళ్లమీద పాకుతూ చూస్తే చేతికందే ప్లగ్ పాయింట్లు, నోట్లోకి పోయే స్క్రూ ముక్కలు, వేలు ఇరుక్కునే తలుపు సందులు కనిపిస్తాయి. రంగులవాళ్లు, వడ్రంగులు వెళ్లాక నేలంతా ఒకసారి అయస్కాంతంతో ఊడ్చండి. ఎన్ని మేకులు అంటుకుంటాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

బాల్కనీ దగ్గర ఆగండి. రెయిలింగ్ కమ్మీల మధ్య ఖాళీ 10 సెంటీమీటర్లు మించకూడదు. అంతకంటే ఎక్కువుంటే పసివాళ్ల ఒళ్లు దూరిపోతుంది, తల ఇరుక్కుంటుంది. కమ్మీలు అడ్డంగా ఉంటే మరీ ప్రమాదం, ఎక్కడానికి మెట్లు వేసినట్టే. అలాంటిచోట లోపలివైపు నెట్ గానీ అక్రిలిక్ పలక గానీ బిగించేదాకా బాల్కనీ తలుపుకి పైన గడియ వేసి ఉంచండి. కుర్చీ, పూలకుండీ, పాత పెట్టె ఏదీ రెయిలింగ్ దగ్గర పెట్టకండి. కిటికీలదీ ఇదే సంగతి. దోమల మెష్ పురుగుల్ని ఆపుతుంది, ఆనుకున్న పిల్లల్ని ఆపలేదు. మంచం, సోఫా కిటికీకి దూరంగా వేయండి. బ్లైండ్లకి వేలాడే తాళ్లుంటే మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. వాటిని అందనంత ఎత్తున కట్టేయడం కాదు, వీలైతే తాళ్లు లేని రకానికే మారిపోండి.

బీరువాలు, అల్మారాలు, సొరుగుల బల్లలు, టీవీ స్టాండు గోడకి బిగించాల్సిందే. మూడేళ్ల పిల్లాడు కింది సొరుగు లాగి దానిమీద కాలు పెడితే మొత్తం ముందుకు వాలుతుంది. 'మావాడు అలా ఎక్కడు' అనే మాట కొత్త ఇంట్లో చెల్లదు. పాత ఇంట్లో వాడికి అన్నీ తెలిసినవి, ఇక్కడ అన్నీ ఎక్కి చూడాల్సినవే.

వేడినీళ్లు కూడా. 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు తగిలితే కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుతుంది, పసివాళ్ల చర్మం ఇంకా తొందరగా. 49 డిగ్రీల దగ్గరైతే అంత గాయం కావడానికి నిమిషాలు పడుతుంది. అలాగని పెద్ద ట్యాంకులో నిలవుండే నీళ్లని ఊరికే చల్లగా పెట్టేయడమూ మంచిది కాదు, గోరువెచ్చని నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ట్యాంకులో 60 ఉంచి, కుళాయి దగ్గర చన్నీళ్లు కలిపే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టిస్తే రెండు ఇబ్బందులూ తీరతాయి.

పాత ఇల్లయితే రంగు పెచ్చులూడుతోందేమో చూడండి. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది. అమెరికా 1978లో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించింది, చాలా దేశాల్లో ఆ పని ఇంకా ఆలస్యంగా జరిగింది. పెచ్చులు, వాటి దుమ్ము పిల్లల నోట్లోకి పోతే మెదడు ఎదుగుదల మీద దెబ్బ పడుతుంది. అనుమానం ఉంటే పరీక్ష చేయించేదాకా ఆ గోడని పొడిగా గరుకు కాగితంతో రుద్దనివ్వకండి. కొత్త రంగు వేయిస్తే పిల్లల గదికే ముందు వేయించి, కిటికీలు తెరిచి వదిలేయండి. చేత్తో ముట్టుకుంటే ఆరిపోయిందనిపించినా వాసన పోవడానికి ఇంకా రోజులు పడుతుంది.

పొగ అలారం ఉంటే బటన్ నొక్కి చూడండి, వెనక తయారైన తేదీ చూడండి. 10 ఏళ్లు దాటితే మార్చేయాలి.

అడుగు 4: టేపు పట్టుకుని కొలవండి

సోఫా ఎక్కడ పెట్టాలన్న చర్చకంటే ముందు అది లోపలికి వస్తుందా అన్నది తేల్చుకోవాలి. వీధి తలుపు, లిఫ్ట్ లోపలి కొలతలు, మెట్ల మలుపు, గది తలుపు... దారిలో అన్నిటికంటే ఇరుకైనది ఏదో దాన్ని రాసుకోండి. తలుపు కొలిచేటప్పుడు తలుపు తెరిచి, రెక్క ఆక్రమించిన చోటు తీసేసి కొలవండి.

ఎత్తైన బీరువాల దగ్గర ఒక చిక్కు ఉంది. 240 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల లోతు ఉన్న అల్మారా 245 సెంటీమీటర్ల పైకప్పు ఉన్న గదిలో పడుతుందనే అనుకుంటాం. నేలమీద పడుకోబెట్టి బిగించి పైకి లేపబోతే మధ్యలో ఆగిపోతుంది. ఎందుకంటే లేపేటప్పుడు అడ్డొచ్చేది దాని ఎత్తు కాదు, మూల నుంచి మూలకి ఉన్న కొలత. అది 247 సెంటీమీటర్లు దాటుతుంది. ఇలాంటివాటిని నిలబెట్టే బిగించాలి, లేదా ముక్కలుగా తెచ్చుకోవాలి.

కొత్త ఫర్నిచర్ ఇప్పుడే కొనకండి. ఖాళీ గది కన్నుని మోసం చేస్తుంది. కొనాలనుకున్న మంచం కొలతకి నేలమీద మాస్కింగ్ టేపు అంటించి, దాని చుట్టూ నడిచి చూడండి. అల్మారా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా? రాత్రి చంకలో పిల్లని వేసుకుని బాత్రూంకి వెళ్లే దారి ఉందా?

అడుగు 5: సర్దుడు

ముందు పారేయండి, తర్వాత సర్దండి. వాడని వస్తువుకి లారీ అద్దె కట్టడమంత దండగ ఇంకోటి లేదు. ఒక్క మినహాయింపు పిల్లల బొమ్మలు. విరిగిపోయిన కారైనా సరే, ఈ నెలలో పారేయకండి. ఇల్లు మారడమే వాళ్లకి పెద్ద మార్పు, దానిమీద ఇంకొకటి వద్దు.

పుస్తకాలు చిన్న పెట్టెల్లో, దిండ్లు పెద్ద పెట్టెల్లో. ఏ పెట్టే ఒక్క మనిషి ఎత్తగలిగినంతకంటే బరువుండకూడదు, 15 కిలోలు దాటితే ఇంకో పెట్టె తీయండి. పళ్లాలు ఒకదానిమీద ఒకటి బోర్లించకుండా, అంచుమీద నిలబెట్టి మధ్యలో కాగితాలు పెడితే పగలడం తగ్గుతుంది. పెట్టెమీద పేరు పైన కాకుండా పక్కల రాయండి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే పైభాగం కనపడదు కదా. ఏముందో రాయడంకంటే ఏ గదికి వెళ్లాలో రాయడం ముఖ్యం. కొత్త ఇంట్లో ఆ గది తలుపుకి అదే పేరుతో కాగితం అంటిస్తే మోసేవాళ్లు మిమ్మల్ని అస్తమానం పిలవరు.

మంచం విప్పినప్పుడు వచ్చే నట్లు, బోల్టులు ఒక జిప్ కవర్లో వేసి మంచం చట్రానికే టేపుతో అంటించండి. 'జాగ్రత్తగా ఉంటాయి' అని ఇంకోచోట దాచినవి రాత్రి పదకొండింటికి దొరకవు. టీవీ, రూటరు వెనక వైర్లు పీకేముందు ఫొటో తీసుకోండి.

ఫ్రిజ్‌ని ముందురోజే ఆపి, మంచు కరిగించి తుడిచేయండి. ముందు తలుపున్న వాషింగ్ మెషిన్‌కి వెనక బిగించే ట్రాన్సిట్ బోల్టులు కొన్నప్పుడు తీసి ఎక్కడో దాచి ఉంటారు. అవి వెతకండి. అవి లేకుండా లారీ ఎక్కిస్తే లోపలి డ్రమ్ము ఊగి సస్పెన్షన్ పాడవుతుంది.

ఇంటి కాగితాలు, లోన్ పత్రాలు, బంగారం, మందులు, పిల్లల టీకాల కార్డులు, స్కూలు కాగితాలు లారీ ఎక్కకూడదు. అవి మీ చేతిసంచిలోనే.

అడుగు 6: పిల్లలకి చెప్పడం

మరీ ముందుగా చెప్తే రెండుమూడేళ్లవాళ్లకి ఉపయోగం లేదు. 'వచ్చే నెల' అంటే వాళ్లకి అర్థం కాదు. ఒక వారం, రెండు వారాల ముందు మొదలుపెట్టి, ఖాళీ ఇంట్లో ఒకట్రెండుసార్లు ఆడుకోనివ్వండి. పరిగెత్తడానికి అంత చోటు మళ్లీ ఎప్పుడూ దొరకదు. స్కూలుకెళ్లే వయసువాళ్లకి ఇంకా ముందే చెప్పాలి, వాళ్లకి వదిలివెళ్లే స్నేహితులుంటారు. 'అక్కడ ఇంకా మంచి ఫ్రెండ్స్ దొరుకుతారు' అని కొట్టిపారేయకుండా, ఎవరితో ఎలా టచ్‌లో ఉండొచ్చో మాట్లాడండి.

ఒక పెట్టె వాళ్లకే ఇచ్చి వాళ్లకి నచ్చినవి వాళ్లనే సర్దుకోనివ్వండి. ఆ పెట్టె చివర ఎక్కి, ముందు దిగాలి. పాలు మాన్పించడం, డైపర్ మాన్పించడం, విడిగా పడుకోబెట్టడం లాంటివి ఈ నెలలో తలపెట్టకండి. మారాక కొన్ని వారాలపాటు రాత్రుళ్లు లేవడం, పక్క తడపడం, కొంగు వదలకపోవడం మామూలే. ఉన్నట్టుండి చిన్నవాళ్లైపోయినట్టు అనిపిస్తుంది, మెల్లగా సర్దుకుంటారు.

అడుగు 7: లారీ రోజు

ముగ్గురు పెద్దవాళ్లు కావాలి. ఒకరు పాత ఇంట్లో, ఒకరు కొత్త ఇంట్లో, మూడోవాళ్లకి పిల్లలు తప్ప ఇంకో పని ఉండకూడదు. తలుపులన్నీ బార్లా తెరిచి, అపరిచితులు బరువులతో తిరిగే ఇంట్లో పాకే బిడ్డ ఉండకూడదు.

లారీలో చివర ఎక్కినవి ముందు దిగుతాయి. కాబట్టి పిల్లల పరుపు, మీ మంచం, కర్టెన్లు చివర ఎక్కించండి. ఫ్రిజ్ నిలువుగానే వెళ్లాలి, టీవీ కూడా. కొత్త నేలమీద గీతలు పడకుండా నడిచే దారంతా అట్టలు పరవండి. అన్నీ దిగాక, సంతకం పెట్టేముందు, సొట్టలు పడ్డవీ గాజువీ ఒకసారి చూసుకోండి. వాన వచ్చినా, లారీ రెండు గంటలు ఆలస్యమైనా, లిఫ్ట్ ఆగిపోయినా ఒకరి మీద ఒకరు అరుచుకునే ముందు ఏదైనా తినండి. సగం టెన్షన్ ఖాళీ కడుపుదే.

అడుగు 8: మొదటి రాత్రి

ఒకే ఒక్క గదిని పూర్తి చేయండి, అది పిల్లలు పడుకునే గది. కర్టెన్లతో సహా. వంటింటి పెట్టెలు తెల్లారాక చూసుకోవచ్చు. పాత దుప్పట్లు ఉతక్కుండా అలాగే తెండి, ఆ వాసన వాళ్లకి తెలిసినది. ఏడాది లోపు బిడ్డ అయితే ఉయ్యాలలోనో మంచంలోనో గట్టి పరుపు తప్ప దిండ్లు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదు. చోటు మారిందని జాలిపడి అదనంగా చుట్టూ పేర్చేయకండి.

విడిగా పెట్టుకోవాల్సిన సంచిలో ఇవి ఉంటే రాత్రి గడుస్తుంది:

- రెండురోజుల బట్టలు, డైపర్లు, పిల్లలు పట్టుకుని పడుకునే బొమ్మ
- జ్వరం మందు, థర్మామీటరు, రోజూ వేసుకునే మందులు
- టాయిలెట్ సామాను, తువ్వాళ్లు, చెత్తసంచులు
- టార్చి, స్క్రూడ్రైవరు, కత్తెర, చార్జర్లు
- రాత్రి బాత్రూం దారిలో వెలిగే చిన్న లైటు

చివరిది తేలిగ్గా తీసుకోకండి. కొత్త ఇంట్లో గడప ఎక్కడుందో కాళ్లకి ఇంకా తెలియదు.

అడుగు 9: మొదటి వారం

ఫ్రిజ్ దారిలో ఎప్పుడైనా పడుకోబెట్టి ఉంటే వెంటనే ఆన్ చేయకండి. కంప్రెసర్లోని ఆయిల్ గొట్టాల్లోకి జారి ఉంటుంది. ఎంతసేపు పడుకోబెట్టారో కనీసం అంతసేపు నిలబెట్టి ఉంచాలి, 24 గంటలైతే నిశ్చింత. వాషింగ్ మెషిన్ ట్రాన్సిట్ బోల్టులు తీశాకే వాడాలి, మరిచిపోతే స్పిన్ మొదలవగానే అది గదంతా నడుస్తుంది. గీజర్, ఏసీ, ఓవెన్ లాంటివాటికి వాటి సాకెట్లే వాడండి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు.

గోడకి మేకు కొట్టేముందు ఆగండి. స్విచ్‌బోర్డు నుంచి తిన్నగా పైకి, పక్కలకి వైర్లు పోతాయి, కుళాయి నుంచి తిన్నగా పైపులు పోతాయి. ఆ గీతల మీద డ్రిల్లు పెట్టకండి. ఇల్లు ఇంకా కట్టే దశలో ఉన్నవాళ్లయితే ప్లాస్టరింగ్‌కి ముందే ప్రతి గోడా ఫొటో తీసి దాచుకోండి, ఇరవై ఏళ్లు పనికొస్తుంది.

పెట్టెలు విప్పే వరస నా లెక్కలో ఇది: పడుకునే గదులు, బాత్రూం, వంటిల్లు, పిల్లల బొమ్మలు. మిగతావి ఎప్పుడైనా. సాయం చేస్తామని వచ్చిన బంధువుల్ని వంటింటి అరల్లో సర్దనివ్వకండి, తర్వాత గరిటె కోసం మీరే వాళ్లకి ఫోన్ చేయాలి. వాళ్లకి పిల్లల్ని అప్పజెప్పండి. పక్కింటివాళ్లని పలకరించి, ఏ వేళల్లో డ్రిల్లింగ్ ఉంటుందో ముందే చెప్పేయండి. చెత్త ఏరోజు తీసుకెళ్తారో, నీళ్లు ఎప్పుడొస్తాయో వాళ్లే చెప్తారు.

అడుగు 10: మొదటి మూడు నెలలు

కొత్త కట్టడంలో సిమెంటు, ప్లాస్టర్ పీల్చుకున్న నీరు ఆరడానికి నెలలు పడుతుంది. బయటి గోడలకి బీరువాలు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి, లేకపోతే వెనక బూజు పడుతుంది. ప్లాస్టర్ మీద వెంట్రుకంత సన్నని పగుళ్లు రావడం సహజం. ఒక పగులు పెరుగుతోందేమో అని అనుమానం వస్తే దాని రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. నెల తర్వాత గీత దాటి పాకినా, సందులో నాణెం దూరినా స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించాలి.

వారానికోసారి సింక్ కింద జాయింట్ల చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పండి. కంటికి కనపడని లీకు కాగితానికి తెలుస్తుంది. తొలి పెద్ద వాన పడ్డరోజు కిటికీ అంచులన్నీ ముట్టుకుని చూడండి.

ఇంకా విప్పని పెట్టెలు మూలన ఉంటాయి, ఉండనివ్వండి. ఇంట్లో ఎండ ఎటునుంచి వస్తుందో, సాయంత్రం అందరూ ఎక్కడ చేరుతున్నారో తెలిశాక కొనే సోఫా, వేయించే అల్మారా సరైనచోట పడతాయి. ఎక్కడ ఏం పెట్టాలన్న వాదన ఇద్దరికీ తెగకపోతే ఒక్కో గది ఒక్కొక్కరి నిర్ణయానికి వదిలేసుకోండి. నెల తర్వాత నచ్చకపోతే మార్చుకోవచ్చు, గోడకి బిగించినవి తప్ప.

ఈ మూడు నెలల్లో కొత్తగా బయటపడ్డ లోపాలతో రెండో జాబితా రాయండి. మొదటి జాబితాలో ఏవి సరిచేశారు, ఏవి చేయలేదు అన్నది దాని పక్కనే గుర్తు పెట్టండి. ఒప్పందంలో బిల్డరు గానీ అమ్మినవాళ్లు గానీ మరమ్మతుల బాధ్యత ఎప్పటిదాకా తీసుకున్నారో ఆ తేదీని ఇప్పుడే వెతికి, దానికి నెల ముందు ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. ఫొటోలతో రెండో జాబితా పంపి, అందిందని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు, గీజరు, మోటారు, ఏసీల వారంటీ కార్డులు, పని చేసిన ప్లంబరు, ఎలక్ట్రీషియన్ల నంబర్లు, గోడల ఫొటోలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, దాని కాపీ ఒకటి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి.